ఆ రోడ్డు ఆగింది కాబట్టే ఈ రైలొచ్చింది

కిందటి ఎపిసోడ్‌కి కామెంట్లు పెట్టినవాళ్ళకి, తప్పులు పట్టుకున్నవాళ్ళకి కూడా థాంక్స్. ఈ రోజు ఒక రైలు ప్రయాణంతో మొదలుపెడతాను.

మా అక్కావాళ్ళు అమెరికాలో వర్జీనియాలో ఉంటారు, ఆష్‌బర్న్ అనే ఊళ్ళో. అక్కడ మనవాళ్ళు ఎంతమంది అంటే, పార్కులో సాయంత్రం నడుస్తుంటే వెనకాల నుంచి తెలుగు వినిపిస్తుంది. నేను వెళ్ళినప్పుడు బావగారికి ఆఫీసు, అక్కకి ఆఫీసు, నాకేమో డ్రైవింగ్ లైసెన్స్ లేదు. "మెట్రో ఉంది కదరా, నువ్వే తిరిగి రా" అని అక్క ఒక కార్డు చేతిలో పెట్టింది. ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ ఎక్కి, వాషింగ్టన్ నడిబొడ్డున మెట్రో సెంటర్‌లో దిగి, రెడ్ లైన్‌కి మారాను. యూనియన్ స్టేషన్ దాటాక రైలు సొరంగంలోంచి పైకొస్తుంది. బ్రూక్‌లాండ్, ఫోర్ట్ టాటెన్, టకోమా. పక్కనే గూడ్సు రైళ్ళు పోయే పాత పట్టాలు. అటూ ఇటూ చెట్లు, చిన్న చిన్న ఇళ్ళు, వరండాల్లో కుర్చీలు.

చూడటానికి మామూలు దృశ్యం. ఫోటో తీసి స్టేటస్ పెట్టేంత కూడా లేదు. కానీ 1960ల్లో ప్రభుత్వం గీసిన ప్లాన్ గనక అమలై ఉంటే నేను చూసిన ఆ ఇళ్ళలో చాలా ఉండేవి కావు. ఆ పట్టాల వెంబడే ఒక పెద్ద ఫ్రీవే రావాలి. ఫ్రీవే అంటే మన భాషలో సిగ్నల్ లేని ఎక్స్‌ప్రెస్‌వే అనుకోండి. ఆ రోడ్డుని జనం ఆపారు. ఆపి ఊరుకోలేదు, ఆ రోడ్డుకి పెట్టాల్సిన డబ్బుని రైలుకి మళ్ళించే దాకా వదల్లేదు. ఎలా చేశారు, ఏం పోగొట్టుకున్నారు, అదే ఈ రోజు కథ.

ముందు డబ్బు సంగతి చెప్తాను. చరిత్రలో సగం గొడవలు డబ్బు ఎటు పోతుందో అర్థమైతే అర్థమైపోతాయి.

1956లో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఒక హైవే చట్టం చేసింది. దేశమంతా కలిపి 41,000 మైళ్ళ రహదారులు, అంటే దాదాపు 66,000 కిలోమీటర్లు. వాటినే ఇంటర్‌స్టేట్ హైవేలు అంటారు. ఖర్చులో 90 శాతం కేంద్రానిది, 10 శాతం రాష్ట్రానిది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? పెట్రోలు మీద పన్ను. ఆ పన్ను ఒక ప్రత్యేక ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాలోంచి తీసిన డబ్బు అప్పట్లో రోడ్లకే వాడాలి. బస్సుకి గానీ, లోకల్ రైలుకి గానీ అందులోంచి పైసా ఇవ్వకూడదు.

ఇప్పుడు మీరే ఒక ఊరి మేయర్ అనుకోండి. ఇంట్లో నాన్న అంటున్నాడు: "బండి కొనుక్కుంటానంటే వందకి తొంభై నేనిస్తా. బస్ పాస్ కావాలంటే మాత్రం నీ పాకెట్ మనీలోంచి కట్టుకో." మీరేం కొంటారు? బండే కొంటారు. అవసరం ఉన్నా లేకపోయినా. అమెరికాలో చాలా నగరాలు చేసింది అదే. ఆ రోజుల్లో ఏ ఇంజనీరూ "మా ఊరికి ఏది మంచిది" అని మొదటినుంచి లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. డబ్బే జవాబు చెప్పేసింది.

వాషింగ్టన్‌లో అప్పటిదాకా ట్రాములు తిరిగేవి. మంచి నెట్‌వర్క్ ఉండేది. కాంగ్రెస్ ఒత్తిడితో వాటిని ఒక్కొక్కటిగా తీసేసి బస్సులు పెట్టారు. చివరి ట్రాము 1962 జనవరిలో ఆగిపోయింది. అంటే ఒక పక్క ఉన్న పట్టాలు పీకేశారు, ఇంకో పక్క ఫ్రీవేల మ్యాపులు సిద్ధం చేశారు.

ఆ మ్యాపుల్లో ఏముంది? నగరం చుట్టూ ఒక రింగు, మధ్యలో ఇంకో రింగు, వాటిని కలుపుతూ నాలుగు దిక్కుల నుంచి ఫ్రీవేలు. బయటి రింగు, బెల్ట్‌వే అంటారు, 1964కి పూర్తయింది. అది ఇప్పటికీ ఉంది, ట్రాఫిక్ జామ్ కూడా ఉంది. లోపలి రోడ్లే అసలు గొడవ.

వాయవ్య వాషింగ్టన్‌లో డబ్బున్నవాళ్ళు, లాయర్లు, పెద్ద ఉద్యోగులు ఉంటారు. ఎక్కువమంది తెల్లవాళ్ళు. వాళ్ళ పేటల్లోంచి ఫ్రీవే వస్తుందనగానే లేచారు. వాళ్ళకి కాంగ్రెస్‌లో ఎవరి తలుపు తట్టాలో తెలుసు. 1960లో వచ్చిన చట్టంలోనే నగరం వాయవ్య భాగంలో ఐదేళ్ళ దాకా ఫ్రీవే కట్టకూడదని రాయించుకున్నారు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఒక చోట ఆగిన రోడ్డు మ్యాపులోంచి మాయం కాలేదు, తూర్పు వైపు జరిగింది. తూర్పున ఎవరున్నారు? బ్రూక్‌లాండ్‌లో పోస్టాఫీసు, ప్రభుత్వ ఆఫీసుల్లో చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ, కష్టపడి సొంతిల్లు కొనుక్కున్న నల్లజాతి కుటుంబాలు. ఇంకొంచెం పైన టకోమాలో మధ్యతరగతి తెల్లవాళ్ళు.

ఇంజనీర్ల మాట ఏంటంటే, "రైలు పట్టాల పక్కనే వేస్తే తక్కువ ఇళ్ళు పోతాయి కదా" అని. ముందు గీసిన దానికంటే తక్కువే, ఒప్పుకోవాలి. కానీ "తక్కువ" అనే మాట లెక్కలో బాగుంటుంది, ఆ తక్కువలో మన ఇల్లుంటే బాగుండదు. పైగా ఈ నగరంలో నల్లజాతి కుటుంబాలకి అది మొదటిసారి కాదు. 1950ల్లో నైరుతి వాషింగ్టన్‌ని "పాత బస్తీ, బాగు చేస్తాం" అని చెప్పి దాదాపు మొత్తం నేలమట్టం చేశారు. అక్కణ్ణుంచి 20,000 మందికి పైగా ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ నేల మీదుగా ఒక ఫ్రీవే కూడా వెళ్ళింది. కాబట్టి "మీకు వేరే చోట ఇళ్ళిస్తాం" అని ఆఫీసర్లు చెప్తే ఎవరు నమ్ముతారు?

ఇక్కడే ఇద్దరు మనుషులు వస్తారు.

ఒకరు శామీ ఆబట్. టకోమా పార్క్‌లో ఉండే కమర్షియల్ ఆర్టిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు, కార్మిక ఉద్యమాల నుంచి వచ్చినవాడు, గొంతు పెద్దది. 1964లో తన పేట మీదుగా ఫ్రీవే వస్తుందని తెలిసి, ఇరుగుపొరుగువాళ్ళని పోగేశాడు. రెండోవారు రెజినాల్డ్ బుకర్. నల్లజాతి యువకుడు, పౌరహక్కుల ఉద్యమంలో మనిషి. వీళ్ళిద్దరూ, ఇంకా చాలామంది కలిసి నడిపిన సంఘం పేరు "రవాణా సంక్షోభంపై అత్యవసర కమిటీ". బుకర్ ఛైర్మన్, ఆబట్ ప్రచారం చూసుకునేవాడు.

ఆబట్ ఆర్టిస్టు కదా, పోస్టరు వేశాడు. దాని మీద ఒక నినాదం. తెలుగులో చెప్తే: తెల్లవాళ్ళ రోడ్లు నల్లవాళ్ళ ఇళ్ళ మీదుగా.

ఈ స్లోగన్ గురించి ఒక నిమిషం ఆలోచించండి. అందులో తిట్టు లేదు, అతిశయోక్తి లేదు. ఆ రోడ్డు ఎవరికోసం? శివార్లలో కొత్తగా ఇళ్ళు కట్టుకుని, పొద్దున్నే కార్లో వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళ కోసం. వాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. ఎవరి ఇల్లు పోతుంది? కారు కూడా లేని, బస్సులో తిరిగే కుటుంబాలది. ఇంత పెద్ద రాజకీయాన్ని ఒక్క లైన్లో చెప్పేశారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో పోస్టరు, కరపత్రం, చర్చిలో మీటింగు, ఇవే వాళ్ళ ఆయుధాలు.

విచిత్రమైన కూటమి అది. నల్లజాతి హక్కుల కార్యకర్తలు, చెట్లని ప్రేమించే పెద్దమనుషులు, వాయవ్య పేటల లాయర్లు, కాలేజీ స్టూడెంట్లు. మామూలుగా ఒకే గదిలో కూర్చోని మనుషులు. కూర్చోవడానికి కారణం వాళ్ళ డిమాండ్ రెండు ముక్కలుగా ఉండటం. ఒకటి, ఫ్రీవేలు వద్దు. రెండు, ఆ బదులు నగరమంతా తిరిగే మెట్రో రైలు కావాలి. "వద్దు" అన్నప్పుడు "మరేం కావాలి?" అని అడుగుతారు కదా, దానికి వాళ్ళ దగ్గర జవాబు రెడీగా ఉంది.

అయితే ఈ నగరానికి ఒక పెద్ద లోటు ఉంది. అది లేకుండా ఈ కథ అర్థం కాదు. వాషింగ్టన్ అమెరికా రాజధాని, కానీ అక్కడి జనానికి కాంగ్రెస్‌లో ఓటు వేసే సభ్యుడే లేడు, ఇప్పటికీ లేడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు వాళ్ళకి మొదటిసారి దక్కింది 1964 ఎన్నికల్లో. 1960ల చివర్లో మేయర్, కౌన్సిల్ ఉన్నారు కానీ జనం ఎన్నుకున్నవాళ్ళు కారు, అధ్యక్షుడు నియమించినవాళ్ళు. నగరం బడ్జెట్ కాంగ్రెస్ కమిటీ చేతిలో ఉండేది.

ఆ డబ్బు సంచి తాళం ఒకాయన దగ్గర ఉంది. విలియం నాచర్. కెంటకీ రాష్ట్రం నుంచి ఎన్నికైన సభ్యుడు. వాషింగ్టన్ బడ్జెట్ చూసే సబ్‌కమిటీకి ఛైర్మన్. మనిషి చెడ్డవాడని కాదు. తన ఎన్నికల ఖర్చు తనే పెట్టుకునేవాడు. సభలో 40 ఏళ్ళలో 18,401 ఓటింగులకి ఒక్కసారి కూడా గైర్హాజరు కాలేదు. చట్టం అంటే చట్టం అనే రకం. ఆయన వాదన ఏంటంటే, "ఫ్రీవేలు కట్టమని కాంగ్రెస్ చెప్పింది. అవి మొదలయ్యేదాకా మెట్రోకి డబ్బు విడుదల చెయ్యను" అని.

ఎక్కువగా పట్టుబట్టింది ఒక వంతెన కోసం. పొటోమాక్ నదిలో మూడు రాళ్ళ దిబ్బలున్నాయి, వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు. అక్కడ వంతెన కట్టలేరని ఒక పాత శాపం కథ కూడా ఉంది. ఆ వంతెన పేరే త్రీ సిస్టర్స్ బ్రిడ్జి. ఉద్యమకారులకి భయమంతా అక్కడే. వంతెన కడితే దాని మీద వచ్చే కార్లు నగరంలోకి ఎక్కడో ఒక చోట దిగాలి. దిగడానికి ఫ్రీవే కావాలి. ఆ ఫ్రీవేకి ఇంకో ఫ్రీవే కలవాలి. ఒక్క వంతెనకి ఒప్పుకుంటే మొత్తం మ్యాపుకి ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు తేదీల వెంట పోదాం, కొంచెం వేగంగా.

1968 ఫిబ్రవరిలో అప్పీళ్ళ కోర్టు నాలుగు ఫ్రీవే ప్రాజెక్టుల్ని ఆపేసింది. చట్టం ప్రకారం జనం అభిప్రాయం అడగాల్సిన పద్ధతి మీరు పాటించలేదు అంది. ఉద్యమానికి పెద్ద గెలుపు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. వాషింగ్టన్‌లో వీధులు తగలబడ్డాయి. ఏడో వీధి, పద్నాలుగో వీధి, యూ స్ట్రీట్, అన్నీ నల్లజాతి వ్యాపార కేంద్రాలు. ఆ తర్వాత కూడా ఆ జనం ఇళ్ళు కూల్చి రోడ్డు వేస్తామనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కాంగ్రెస్‌కి ఉంది. అదే ఏడాది హైవే చట్టంలో ఒక సెక్షన్ చేర్చి, కోర్టు ఏమన్నా సరే వాషింగ్టన్‌లో ఆ రోడ్లు, ఆ వంతెన కట్టాల్సిందే అని రాసింది.

మరి మెట్రో? 1968 మార్చిలోనే దాదాపు 97 మైళ్ళ మెట్రో ప్లాన్ ఆమోదం అయింది. నవంబరులో శివారు ప్రాంతాల ఓటర్లు మెట్రో కోసం అప్పు తెచ్చుకోవడానికి ఓకే అన్నారు. అంతా సిద్ధం. డబ్బు మాత్రం నాచర్ దగ్గర ఇరుక్కుంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇక్కడే. మెట్రో కావాలనుకునే పెద్దలే ఉద్యమకారుల మీద కోప్పడటం మొదలుపెట్టారు. "ఒక్క వంతెనకి ఒప్పుకోండి, రైలు వచ్చేస్తుంది. మీ మొండితనం వల్లే రైలు ఆగిపోతోంది" అని. మీరైతే ఏం చేస్తారు? నిజంగా అడుగుతున్నాను. రైలు కావాలని అడిగింది మీరే. ఇప్పుడు రైలు ఆగడానికి కారణం కూడా మీరే అంటున్నారు. ఒక వంతెన వదిలేస్తే పోయేదేముంది?

1969 ఆగస్టు 9న సిటీ కౌన్సిల్ లొంగిపోయింది. వంతెనకి సరే అని ఓటేసింది. హాల్లో జనం కుర్చీల మీదికెక్కారు, తోపులాట జరిగింది, అరెస్టులు జరిగాయి. అక్టోబరులో నదిలో పని మొదలైతే కాలేజీ విద్యార్థులు పడవల్లో వెళ్ళి ఆ రాళ్ళ దిబ్బల మీద కూర్చున్నారు. పోలీసులు పట్టుకెళ్ళారు. ఇటు బ్రూక్‌లాండ్‌లో, ఫ్రీవే కోసం ప్రభుత్వం అప్పటికే తీసుకున్న ఇళ్ళు 69. కిటికీలకి చెక్కలు కొట్టి వదిలేశారు. ఉద్యమకారులు ఆ చెక్కలు పీకి, లోపల ఊడ్చి, "ఇవి మనుషులుండే ఇళ్ళు" అని చూపించారు.

1969 డిసెంబరు 9న మెట్రోకి భూమిపూజ లాంటిది జరిగింది, జ్యుడీషియరీ స్క్వేర్ దగ్గర. పని మొదలైందన్నమాటే గానీ వంతెన గొడవ తెగకపోవడంతో నాచర్ మళ్ళీ డబ్బు బిగబట్టాడు.

ఉద్యమం కోర్టునీ వదల్లేదు. 1970లో జడ్జి జాన్ సిరికా వంతెన పని ఆపమన్నాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత వాటర్‌గేట్ కేసులో నిక్సన్ టేపులు బయటపెట్టమన్న జడ్జి ఈయనే. 1971లో పై కోర్టు కూడా ఉద్యమకారుల వైపే నిలబడింది. అయినా నాచర్ కదల్లేదు. మెట్రో గుంతలు తవ్వి ఉన్నాయి, కాంట్రాక్టర్లకి కట్టాలి, డబ్బు లేదు.

చివరికి 1971 డిసెంబరు 2న ప్రతినిధుల సభలో విషయం ఓటుకి వచ్చింది. సొంత కమిటీ ఛైర్మన్ మాట కాదని సభ ఓటెయ్యడం ఆ రోజుల్లో చాలా అరుదు. కనెక్టికట్ సభ్యుడు రాబర్ట్ జియామో మెట్రో డబ్బు విడుదల చెయ్యాలని ప్రతిపాదించాడు. అధ్యక్షుడు నిక్సన్ కూడా మెట్రో వైపే ఉన్నాడు. ఫలితం 196, 183. తేడా పదమూడు ఓట్లు. మెట్రో గెలిచింది. వంతెన లేకుండానే.

మరుసటి ఏడాది జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వచ్చింది. వరదలో ఆ వంతెన కోసం నదిలో కట్టిన ఆనవాళ్ళు కూడా దెబ్బతిన్నాయి. శాపం కథ నమ్మేవాళ్ళకి పండగే. నేను మాత్రం ఆ పదమూడు ఓట్లనే నమ్ముతాను.

ఇప్పుడు మొదట చెప్పిన ఖాతా దగ్గరికి వద్దాం. రోడ్డు డబ్బు రోడ్డుకే అనే రూలు అలాగే ఉంటే, ఫ్రీవే ఆపినందుకు నగరానికి మిగిలేది సున్నా. ఈ గొడవ వాషింగ్టన్‌లో ఒక్కచోటే లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో 1959లోనే చాలా ఫ్రీవేలు వద్దంది. బోస్టన్‌లో 1970లో గవర్నర్ ఫ్రాన్సిస్ సార్జెంట్ కొత్త ఫ్రీవేలు ఆపేశాడు. ఆయన గతంలో రోడ్ల శాఖ చూసినవాడే, మేం తప్పు చేశాం అని టీవీలో చెప్పినవాడు. ఇలా అన్ని వైపుల నుంచి ఒత్తిడి పెరిగితే 1973లో చట్టం మారింది. నగరంలో ఒక ఇంటర్‌స్టేట్ రోడ్డు వద్దనుకుంటే, దానికి రావాల్సినంత కేంద్ర నిధిని బస్సులకి, రైళ్ళకి వాడుకోవచ్చు అని. వాషింగ్టన్ ప్రాంతం ఆ దారినే పట్టింది. కట్టని ఫ్రీవేల డబ్బు వంద కోట్ల డాలర్లకి పైగా మెట్రోకి మళ్ళింది. నాన్న బండికిస్తానన్న తొంభై రూపాయలతో పాస్ కొనుక్కోవచ్చని రాయించుకోవడం అన్నమాట.

1976 మార్చి 27న మొదటి రైలు నడిచింది. రెడ్ లైన్, ఐదు స్టేషన్లు, 4.6 మైళ్ళు, అంటే ఏడున్నర కిలోమీటర్లు కూడా లేదు. 1978 ఫిబ్రవరిలో బ్రూక్‌లాండ్, టకోమా దాకా వచ్చింది. ఫ్రీవే రావాల్సిన ఆ పట్టాల వెంబడే. శామీ ఆబట్ తర్వాత టకోమా పార్క్‌కి మేయర్ అయ్యాడు. నాచర్ పేరు కెంటకీలో ఒక వంతెనకి పెట్టారు. ఆయనకి వంతెన దక్కింది, వీళ్ళకి రైలు దక్కింది.

ఇక్కడితో ఆపేస్తే సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. కానీ ఇది చరిత్ర కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

మెట్రో అందరికీ ఒకేసారి రాలేదు. 1968లో తగలబడిన యూ స్ట్రీట్‌కి, నది అవతల పేద నల్లజాతి పేట అనకోస్టియాకి వెళ్ళేది గ్రీన్ లైన్. అక్కడ రైలు మొదలైంది 1991లో. గ్రీన్ లైన్ చివరి ముక్క తెరిచి, మొత్తం 103 మైళ్ళు పూర్తయింది 2001 జనవరిలో. అంటే ఎవరి ఇళ్ళ పేరు చెప్పి పోరాడారో, వాళ్ళలో కొందరికి రైలు అందరికంటే చివర వచ్చింది. ఆ యువకులు అప్పటికి తాతలైపోయారు. రైలు వచ్చాక అద్దెలు పెరిగాయి, పాతవాళ్ళు చాలామంది ఖాళీ చేశారు. బుల్డోజర్ చెయ్యని పని కొన్నిచోట్ల అద్దె చేసింది. ఖర్చు కూడా మొదటి అంచనాకి అనేక రెట్లయింది. రైలుని నడపడానికి పక్కా నిధి లేక ఇప్పటికీ ప్రతి కొన్నేళ్ళకీ బడ్జెట్ గొడవే. కట్టడానికి డబ్బు తేవడం ఒక పోరాటం, నడపడానికి డబ్బు తేవడం ఇంకో పోరాటం. రెండోదానికి పోస్టర్లు వేసేవాళ్ళు తక్కువ.

అయినా ఒక మాట. ఆ ఫ్రీవేలు కట్టి ఉంటే ట్రాఫిక్ తగ్గేదా? ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే దీనికి జవాబు చెప్పాడు. రద్దీ వేళల్లో కొత్త రోడ్డు మీద కూడా వాహనాలు దాని కెపాసిటీ నిండేదాకా పెరుగుతాయి అని. లాజిక్ సింపుల్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకి గంట పడుతోందనుకోండి. విసుగొచ్చి మెట్రో ఎక్కుతున్నారు. రేపు కొత్త ఫ్లైఓవర్ వచ్చి అరగంటైంది. మీరు బండి తీస్తారు. మీలాంటివాళ్ళు ఇంకో పదివేల మంది తీస్తారు. కొంతమంది "ఇప్పుడు దూరంగా ఇల్లు కొన్నా పర్లేదు" అనుకుంటారు. రెండు మూడేళ్ళలో మళ్ళీ గంట. ఈసారి బస్సు కూడా అదే జామ్‌లో ఇరుక్కుంటుంది. 2011లో జీల్ డ్యూరంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా నగరాల డేటా తీసి చూస్తే, ఇంటర్‌స్టేట్ రోడ్డు ఎంత శాతం పెరిగితే వాహనాల ప్రయాణం కూడా దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది.

మన దగ్గర కథ వేరని తెలుసు. మన ఊళ్ళకి రోడ్లు కావాలి. అంబులెన్సు రాని తండాలు ఇంకా ఉన్నాయి, వాళ్ళ దగ్గరికెళ్ళి రోడ్లు వద్దని చెప్తే చెంప పగలగొడతారు, కొట్టాలి కూడా. నేను మాట్లాడేది నగరం నడిబొడ్డున, చెట్లు కొట్టి, ఇళ్ళు తీసి వేసే రోడ్ల గురించి. 2016లో హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొడతారంటే జనం చేతులు పట్టుకుని నిలబడ్డారు. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో స్టీల్ ఫ్లైఓవర్‌కి వ్యతిరేకంగా మానవహారం కట్టారు. 2017 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఆ ప్రాజెక్టు వద్దనుకుంది. అంటే మనవాళ్ళకి "వద్దు" అనడం బాగానే వచ్చు.

వాషింగ్టన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి ముక్క. వద్దన్న రోడ్డు డబ్బు ఎటు పోయింది అని అడగడం. ఆ డబ్బుతో ఎన్ని సిటీ బస్సులొస్తాయి, ఫుట్‌పాత్ ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అని లెక్క అడగడం. మా అమ్మకి ఫ్లైఓవర్ ఎన్ని లేన్లో తెలియదు. బస్టాపులో ఎంతసేపు నిలబడిందో మాత్రం నిమిషాలతో సహా చెప్తుంది. బడ్జెట్ పేపర్లో ఆ నిమిషాలకి కాలమ్ ఉండదు. అది పెట్టించాలంటే ఎవరో ఒకరు అడగాలి. మీ కార్పొరేషన్ బడ్జెట్ ఈసారి వచ్చినప్పుడు ఒక్కసారి తెరిచి చూడండి, ఫోన్‌లోనే చదవొచ్చు. రోడ్లకి ఎంత, బస్సులకి ఎంత, నడిచేవాళ్ళకి ఎంత. మూడు అంకెలు. ఆ మూడూ కామెంట్లో పెట్టండి, మీ ఊరి పేరుతో సహా. వచ్చినవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం.

ఆ రోజు సాయంత్రం నేను బ్రూక్‌లాండ్‌లో దిగి ఒక అరగంట ఆ వీధుల్లో నడిచాను. ఒక వరండాలో పెద్దాయన ఒకాయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. ఆ ఇల్లు ఆ 69లో ఒకటో కాదో నాకు తెలియదు, అడగలేదు. వెనకాల రైలు వెళ్ళిన చప్పుడు వినిపించింది. అక్క ఫోన్ చేసి "ఎక్కడున్నావురా, అన్నం చల్లారిపోతోంది" అంది. స్టేషన్‌కి నడిచి రైలెక్కాను.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.